చేమాకు పైకప్పు, తాతయ్య జాడీ

ముకోజిమా, టోక్యో
జూన్ 9

నాగవోకాలో కూతురింట కొలువుదీరిన మా అమ్మమ్మ ఫుసా గారి దివ్యసముఖానికి, మనవడు షుహేయ్ నడుం పట్టేసేదాకా వంగి విన్నవించుకునేది ఏమనగా:

ముందు క్షమాపణలు. చిల్లరగా కాదు, టోకున. వానాకాలం మొదలైందని రేడియో ప్రకటించి మూడు రోజులైనా ఒక్క చుక్క పడనందుకు క్షమించు. నీ ఇల్లు కూలగొట్టినప్పుడు లేచిన దుమ్ము ఎదురింటివాళ్ళు ఎండేసిన పరుపుల మీద వాలినందుకు క్షమించు. నువ్వు లేవన్న బెంగతో సందులో పిల్లులు చేపలకొట్టు దగ్గర రెండింతలు తింటున్నందుకు క్షమించు. తత్వశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని కూడా నేను స్నానశాలలో తువ్వాళ్ళు అందిస్తున్నందుకు మరొక్కసారి క్షమించు. నేను చేయని తప్పులే ఇన్ని తేలాయి కాబట్టి, చేసినవాటి సంగతి తీరిగ్గా చూసుకుందాం.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. పోయినసారి నా గదిలోంచి "బాగున్నావా" అని అరిస్తే పక్క గదివాడు "బాగున్నానండీ" అన్నాడు. అందుకని ఈ ఉత్తరం.

వార్తలు. మన వరసలోని మూడు కొయ్య ఇళ్ళూ నేలమట్టమయ్యాయి. చుట్టూ నీలం పరదాలు కట్టేశారు, లోపలేం జరుగుతోందో కాకులకి తప్ప ఎవరికీ తెలీదు. వచ్చే మార్చికి మూడిళ్ళవాళ్ళకీ కలిపి ఒకే భవనం లేస్తుంది. దాని పైకప్పు ఎలా ఉంటుందో విను. ఇల్లు గీసే షినొహరా గారు చలికాలానికి ముందు మన సందుకి వచ్చినప్పుడు నీ థర్మకోల్ చేపలపెట్టెలో ఉన్న చేమమొక్క ముందు గంటసేపు గొంతుక్కూర్చుంది, గుర్తుందా? దారి తప్పిన మనిషనుకుని నువ్వు టీ కూడా ఇచ్చావు. ఆకు మీద పడ్డ చుక్కలు అంటుకోకుండా జారి, నడి ఈనె దగ్గర కలిసి, బరువెక్కగానే ఆకు తల వంచి ఒక్కసారిగా ఒలికేయడం ఆవిడ చూసిందట. మన పైకప్పు అదే. రెండు పక్కల నుంచీ మధ్యకి వాలుతుంది, వాననంతా ఒక కొసకి తెస్తుంది. అక్కణ్ణుంచి వాన వేలాడే గొలుసు మీదుగా దిగి నేల కింద ట్యాంకులో పడుతుంది. పైన చేతిపంపు. మొక్కలకి ఆ నీళ్ళే, భూకంపం వచ్చి నిప్పంటుకుంటే ఆ నీళ్ళే, నీ టాయిలెట్‌లో కూడా ఆకాశం నుంచి దిగిన నీళ్ళే. రాణివాసానికి కూడా ఇంత వైభోగం లేదు.

నీ చేమమొక్కలు నా కిటికీలో క్షేమం. నువ్వు సామాను సర్దుకుంటున్న ఆ వారంలో కూడా మన పరువు నేనే కాపాడాను. సందు సంఘంవాళ్ళు ఇంటింటికీ తిప్పే నోటీసుల అట్ట మన గడపలో ఒక్క పూట కూడా నిలవలేదు. ఇలా వచ్చింది, అలా పక్కింటికి వెళ్ళిపోయింది.

ఇట్లు,
వంశోద్ధారకుడు కాబోయి ఆగిపోయిన
షుహేయ్


నాగవోకా
జూన్ 17

షుహేయ్‌కి,

నీ ఉత్తరం మొదటిసారి చదివి ఎవరు పోయారా అని గాభరాపడ్డాను. రెండోసారి చదివితే ఎవరూ పోలేదు. మరి ఆ క్షమాపణలెందుకురా? మీ పిన్ని నోరికో కూడా చదివి, "వీడికి ఒంట్లో బాగుందా అమ్మా" అంది. ఉద్యోగం పోయిందా? నిజం చెప్పు.

పైకప్పు బాగుంది. టీ తాగిన పిల్ల దొంగచూపులు చూస్తోందని ఆరోజే అనుకున్నాను, నా చేమాకు కోసమా! దుంపలు కూడా అడిగుంటే ఇచ్చేదాన్ని.

కానీ రాయాల్సింది రాయలేదు. జాడీ ఏదిరా? మన చూరు కింద రాతి తొట్టి పక్కన మీ తాతయ్య బోర్లించి పాతిన ఊరగాయ జాడీ. నీ ఉత్తరంలో పిల్లులున్నాయి, కాకులున్నాయి, నా టాయిలెట్ కూడా ఉంది. జాడీ లేదు.

నా చెవులు మనుషుల మాటలు అందుకోవడం మానేసి ఆరేళ్ళయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి తలూపుతుంటాను, సగం తప్పే. కానీ వెదురుగొట్టం ఒక కొస నేలకీ ఒక కొస చెవికీ ఆనించి కూచుంటే, చూరునీళ్ళు చుక్కచుక్కగా ఆ జాడీలో పడి మోగడం నాకు వినపడుతుంది. నాకు మిగిలిన గొంతు అదొక్కటే. అది ఉంటే మార్చిలో వస్తాను. లేకపోతే కొత్త గోడల మధ్య నాకేం పని? ఇక్కడే మీ పిన్ని దగ్గరుండిపోతాను. నా వాటా ఇంకెవరికైనా ఇచ్చుకోండి. ఆగస్టులో పితృదేవతల పండగలోగా ఏ సంగతో తేల్చి చెప్పమని సంఘం పెద్ద కురాతా అడిగాడు. కాబట్టి చూసి రాయి.

వెదురాకుల్లో చుట్టిన పిండి ఉండలు పంపుతున్నాను. పురికొస విప్పి తిను. కిందటిసారి ఆకుతో సహా నమిలావని మీ పిన్ని ఇప్పటికీ నవ్వుతోంది.

అమ్మమ్మ


ముకోజిమా
జూన్ 25

అమ్మమ్మా,

ఉండలు అందాయి. ఆకులు తినలేదు. ఒకటి తిన్నాను, పరిశోధన కోసం.

ఉద్యోగం పోలేదు. ఒంట్లో బాగుంది. క్షమాపణలు అలంకారం. డిగ్రీ చదివినవాళ్ళు అలాగే రాస్తారు.

జాడీకేం, భద్రంగానే ఉంటుంది. పరదాల లోపలికి నన్ను రానివ్వడం లేదు, హెల్మెట్ లేదట. కానీ నేల కింద బోర్లా పడుకున్న జాడీకి ఏమవుతుంది చెప్పు? నీలాగే అదీ సెలవులో ఉందనుకో.

అసలు సమస్య వాన. ఇది వట్టిపోయిన వానాకాలం. వాన నీళ్ళ భవనం కడుతుంటే వాన లేకపోవడమేమిటని షినొహరా గారు ఆకాశాన్ని అనుమానంగా చూస్తోంది. కాబట్టి నేను శాస్త్రీయంగా రంగంలోకి దిగాను. ఎండ రావాలంటే పిల్లలు చూరుకి కట్టే తెల్లగుడ్డ బొమ్మలుంటాయి కదా, వాటిని తలకిందులుగా కడితే వాన రావాలి. స్నానశాల తువ్వాళ్ళతో పదకొండు చేసి వరసగా వేలాడదీశాను. వాన రాలేదు. యజమాని వచ్చాడు. ఏమన్నాడో రాయను.

నీ చేమాకుల మీద మాత్రం రోజూ మగ్గుతో వాన కురిపిస్తున్నాను.

నీ విధేయుడు,
షుహేయ్


నాగవోకా
జూలై 7

షుహేయ్,

ఈరోజు నక్షత్రాల పండగ. పొద్దున్నే పిన్ని పెరట్లో చేమాకుల మీది మంచు చిన్న గిన్నెలోకి ఒంపుకుని, ఆ నీళ్ళతో సిరా నూరాను. చిన్నప్పుడు ఆ సిరాతో కోరిక రాసి వెదురుకొమ్మకి కట్టేవాళ్ళం. ఈసారి కోరిక రాయలేదు. ఈ ఉత్తరం రాస్తున్నాను.

కురాతా దగ్గర్నుంచి వేసవి పలకరింపు కార్డు వచ్చింది. ఎండలు ఎలా ఉన్నాయి, మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్నీ రాసి, చివర: "మీరు పెద్దమనసుతో ఒప్పుకున్నందువల్ల జూన్ పద్నాలుగున జాడీ తీసేశాము. ట్యాంకు గొయ్యి పూర్తయింది. కృతజ్ఞతలు."

ఎవరు ఒప్పుకున్నార్రా?

నలభై ఏళ్ళు పక్కపక్కన బతికాం, ఇంత అబద్ధమా అని అతనికి నాలుగు పేజీలు దులిపేశాను. అతను తిరుగుటపాలో జవాబిచ్చాడు. కోపం లేదు, వెటకారం లేదు. "ఫుసా గారూ, నోటీసు మీద మీ ముద్ర ఉంది కదండీ" అని ఒక్క వాక్యం, కింద ఆరోగ్యం జాగ్రత్త అని రెండుసార్లు. ఆ రెండోసారి నాకు నచ్చలేదు.

పిన్ని అతనికి ఫోన్ చేసింది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. పెట్టేశాక నా వంక చూసిన చూపు మాత్రం కనపడింది. అప్పట్నుంచి పొయ్యి నేను వెలిగిస్తే వచ్చి ఆర్పుతోంది.

నేనేం ముద్ర వేశాను? నాకు గుర్తు లేదు.

అమ్మమ్మ


ముకోజిమా
జూలై 8

శ్రీమతి అమ్మమ్మ గారికి,

శుభవార్త. వాన లేకపోయినా పైకప్పు పనిచేసింది! షినొహరా గారు ఒక చాప వెడల్పున నమూనా కప్పు చేయించి ఖాళీ స్థలంలో నిలబెట్టింది. నేను నిచ్చెనెక్కి పూలకుండీల జల్లెడ డబ్బాతో వరుణదేవుడి పాత్ర పోషించాను. నీళ్ళు మధ్యకి వచ్చాయి, కలిశాయి, కొసన ఆగాయి, గొలుసు మీదుగా దిగాయి. చివర నా చెప్పుల్లో పడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. కురాతా గారు మాత్రం ఎందుకో ముభావంగా ఉన్నారు. "మీ అమ్మమ్మ ఎలా ఉంది" అని మూడుసార్లు అడిగారు. "గుర్రంలా ఉంది" అన్నాను. పాపం అన్నట్టు తలూపారు. నాకేం అర్థం కాలేదు.

అన్నట్టు, మహారాణీ, వయసు మీదపడుతోందా? మొన్నటి పార్సిల్లో నా తువ్వాలు పెడతానని పిన్ని చేత ఫోన్లో చెప్పించావు, పెట్టలేదు. ఏమీ గుర్తుండటం లేదు నీకు! ఇలాగైతే రేపు నన్ను చూసి "మీరెవరండీ" అంటావు.

నవ్వుతూ,
షుహేయ్


నాగవోకా
జూలై 20

షుహేయ్‌కి,

నువ్వు కూడా అన్నావు.

నా ఉత్తరం చదివాకే అలా రాశావనుకుని రెండు రోజులు నీ మీద అలిగాను. తర్వాత తారీఖు చూస్తే నాది ఏడు, నీది ఎనిమిది. నాది నీకు అందకముందే రాసుంటావు. అంటే ఏమీ తెలియకుండానే నీకూ అలా అనిపించిందన్నమాట. అది ఇంకా ఘోరం.

పిన్ని నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న కుర్రాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు, గీశాను. మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమన్నాడు, చెప్పాను. ప్రధానమంత్రి ఎవరన్నాడు. "నేను ఇంటికి వెళ్ళేలోపు మారిపోతాడు, ఎందుకు నాయనా" అన్నాను. నవ్వలేదు, ఏదో రాసుకున్నాడు.

పాతవి అన్నీ గుర్తున్నాయి, వింత అదే. మీ తాతయ్య ఆ జాడీ పాతింది కందగడ్డలవాడు బండితో వచ్చిన రోజు. ఆ చోటే ఎందుకంటే, సందులో ఎక్కడ వాన పడినా చివరికి నీళ్ళు అక్కడికే చేరేవి. జాడీ అడుగున కన్నం చిటికెనవేలు పట్టేంత. లోపల నీళ్ళు నాలుగు వేళ్ళ లోతు నిలవాలి. ఐదైతే గొంతు పూడుతుంది, మూడైతే కీచుమంటుంది. చుట్టూ గుండ్రాళ్ళు కోడిగుడ్డు కన్నా చిన్నవి వాడకూడదు. ఆయన మూడుసార్లు తవ్వి పాతాడు, మూడుసార్లూ లాంతరు నేనే పట్టుకున్నాను.

ఇదంతా గుర్తుండి, మే నెలలో ముద్ర వేయడం గుర్తు లేదు. నోటీసు అట్ట నేనెప్పుడూ భూతద్దం పెట్టి ప్రతి అక్షరం చదివి వేస్తానే! సర్దుకునే హడావిడిలో వేశానేమో. సంతకం బదులు వేసే నా పేరు ముద్ర నా దగ్గరే ఉంది, నేను కాక ఇంకెవరు వేస్తారు? ఆయన జాడీని తీసేయమని నా చేత్తో నేనే ఒప్పుకుని, ఆ సంగతే మర్చిపోయానంటే, ఒంటరిగా ఉండదగ్గ మనిషిని కాను. పిన్ని అదే అంటోంది. మెల్లగా అంటోంది, అందుకే కాదనలేకపోతున్నాను.

నువ్వు ఆ వారమంతా ఇంట్లో ఉన్నావు కదా. నేను ముద్ర వేయడం చూశావా? చూస్తే చూశానని రాయి. నాతో డొంకతిరుగుడు లేకుండా మాట్లాడేది నువ్వొక్కడివే.

అమ్మమ్మ


ముకోజిమా
జూలై 26
(కార్డు)

అమ్మమ్మా,

తొందరపడకు. ఏ నిర్ణయమూ తీసుకోకు. కురాతా గారి తప్పు లేదు, నీ తప్పు అసలే లేదు. ఇందులో అనేక అంశాలు ముడిపడి ఉన్నాయి. సంబంధిత పత్రాలను పరిశీలిస్తున్నాను. వాతావరణం కూడా కొంత కారణం. పూర్తి వివరాలు త్వరలో.

షుహేయ్


నాగవోకా
ఆగస్టు 4
(కార్డు)

షుహేయ్, నీ కార్డు మంత్రిగారి ప్రకటనలా ఉంది. అడిగినదానికి జవాబు లేదు. చూశావనీ, చెప్పలేకపోతున్నావనీ అర్థమైంది. పరవాలేదురా.

నిన్న ఇక్కడ నది ఒడ్డున బాణాసంచా. నాకు వినపడదు కదా, ఛాతీతో విన్నాను. ఇక్కడా బాగానే ఉంది. నా వాటా వదులుకుంటున్నానని కురాతాకి పిన్ని ఉత్తరం రాసి పెట్టింది. పదో తారీఖున పోస్టులో వేస్తాను. చేమమొక్కలు నువ్వే ఉంచుకో.

అమ్మమ్మ


ముకోజిమా
ఆగస్టు 6

అమ్మమ్మా,

ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను, ఎనిమిదికల్లా నీకు అందాలి. పిన్ని రాసిన ఉత్తరం పోస్టు చేయకు. ఇది పూర్తిగా చదివేదాకా దాన్ని నీ దిండు కింద పెట్టి దాని మీద కూచో.

ఈసారి మొదట్లో క్షమాపణలు లేవు, గమనించావా? స్టాకు అయిపోయి కాదు. ఒక్కటే మిగిలింది, చివర్లో వస్తుంది. నేను పిరికివాణ్ణి, ముందు మంచి వార్తలు చెప్పనీ.

జాడీ పగల్లేదు. పారేయలేదు. కురాతా గారి షెడ్డులో, ఆయన పాత అగ్నిమాపక దళం టోపీ పక్కన, గొడుగులు పెట్టుకునే డబ్బాలా నిలబడి కనిపించింది. తీసిన రోజే కూలీల చేతుల్లోంచి లాక్కుని సైకిల్ మీద ఇంటికి తెచ్చుకున్నాడట. "పారేయమని రాసున్న కాగితం మీద కూడా ఆవిడ ముద్ర ఉంటే అప్పుడు చూద్దామనుకున్నా" అన్నాడు.

ఎందుకు తీశారంటే, ట్యాంకు గొయ్యి అక్కడే రావాలి. సందులో నీళ్ళన్నీ చేరే చోటు అదేనని షినొహరా గారు మూడు వారాలు కొలతలు తీసి కనిపెట్టింది. తాతయ్య కొలతల్లేకుండా కనిపెట్టాడని, నువ్వు జూలై ఇరవైన రాసింది చదివి వినిపించాను. ఆవిడ పెన్సిల్ కింద పెట్టేసింది. "నాలుగు వేళ్ళంటే ఎవరి వేళ్ళు? తాతగారివా, అమ్మమ్మగారివా?" అని అడిగింది. అక్కడికక్కడే ప్లాను మార్చింది. ట్యాంకు నిండాక పొర్లే నీళ్ళు ఇప్పుడు మురుక్కాలవలోకి పోవు. గొలుసు పక్కన, నీ కొత్త గుమ్మానికి మూడడుగుల దూరంలో, జాడీలోకి వెళ్తాయి.

ఇవాళ వాన వచ్చింది! నిజం వాన. తువ్వాళ్ళ బొమ్మలన్నీ యజమాని విప్పించేసిన నెలన్నరకి వచ్చింది. నమూనా కప్పు కింద ఖాళీ స్థలంలో గొయ్యి తీసి ముగ్గురం జాడీని బోర్లించాం. కప్పు మీద వాన మధ్యకి జారి, తల వంచి, గొలుసు దిగి, జాడీలో పడింది. వెదురుగొట్టం పెట్టి విన్నాం. మోగలేదు. బొటుక్ మంది. గేదె బురదలో కాలేసినట్టు. నీళ్ళు నాలుగు వేళ్ళు పెట్టి చూశాను, నావి లావు వేళ్ళు. కురాతా గారి వేళ్ళతో పెట్టాం, ఆయనవి వంకర. గులకరాళ్ళు మూడుసార్లు మార్చాం. బొటుక్కే. ఒళ్ళంతా బురదతో స్నానశాలకి వెళ్తే యజమాని నన్ను గుమ్మంలోనే ఆపేశాడు. దాని గొంతు ఎలా ఉండాలో తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, నాగవోకాలో ఉత్తరం పోస్టు చేయడానికి కూచుంది.

ఇప్పుడు ఆ చివరిది.

జూలై పదకొండున, నీ ఏడో తారీఖు ఉత్తరం అందగానే, షినొహరా గారి ఆఫీసుకి పరిగెత్తి ఆ నోటీసు చూపించమన్నాను. మూడో కాగితం. "జాడీ తొలగింపుకి అభ్యంతరం లేనివారు ముద్ర వేయగలరు." కింద నీ ముద్ర. గడి దాటి, తలకిందులుగా. నువ్వు జన్మలో తలకిందుల ముద్ర వేయలేదు. చూసిన నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. ఇరవై ఆరు రోజులుగా తెలిసే ఉంది. నువ్వు డాక్టరు ముందు గడియారం గీస్తున్నప్పుడు తెలుసు. నీ ప్రశ్న చదివినప్పుడు తెలుసు. తెలిసే "అనేక అంశాలు" అని రాశాను.

నిన్న కురాతా గారితో చెప్పేశాను. ఆయన నోటీసు అట్ట తీసి నా నెత్తిన ఒక్కటిచ్చాడు. "ఈ సందులో నలభై ఏళ్ళుగా ముద్రలు చూస్తున్నాన్రా, చదివి వేసేవాళ్ళు ఒక్కళ్ళు లేరు. మీ అమ్మమ్మ తప్ప. ఆవిడ ముద్ర కాబట్టే నమ్మాను" అన్నాడు. తర్వాత కూచోబెట్టి బార్లీ టీ ఇచ్చాడు. ఈ పేజీ పిన్నికి చూపించు. కావాలంటే ఆ డాక్టరు కుర్రాడికి కూడా.

మే ఇరవై నాలుగు. నువ్వు మేడ మీద గిన్నెలు పేపర్లో చుడుతున్నావు. పక్కింటావిడ అట్ట ఇచ్చి వెళ్ళింది. పై కాగితం చెత్త ఏ రోజు వేయాలో, అది చదివాను. కింది రెండూ చదవలేదు. చెప్పుల అర మీద, పార్సిల్ వాళ్ళ కోసం నువ్వెప్పుడూ ఉంచే చోట, నీ ముద్ర ఉంది. మూడింటి మీదా టకటకా కొట్టి, అట్ట తీసుకెళ్ళి పక్క గుమ్మంలో పెట్టి, చేతులు దులుపుకుని వచ్చాను. తలుపు అదురు తెలిసిందేమో, నువ్వు పైనుంచి "ఎవర్రా" అన్నావు. "ఎవరూ లేరు" అన్నాను. నీకు వినపడలేదు.

నువ్వేదీ మర్చిపోలేదు అమ్మమ్మా. ముద్ర వేసింది నేను.

షుహేయ్